క్యాన్సర్ ట్రయల్‌లో చేరేముందు చూసుకోవాల్సినవి

ట్రయల్ అంటే కొత్త ట్రీట్‌మెంట్ ఎలా పనిచేస్తుందో రోగుల మీద పరీక్షించి చూడటం. కన్సెంట్ ఫారం (చేరడానికి ఒప్పుకుంటున్నామని రాసిచ్చే కాగితం) మీద అక్కడికక్కడే సంతకం పెట్టేయకండి, ఇంటికి తెచ్చుకుని చదివి అర్థంకాని చోట పెన్నుతో గీత పెట్టుకోండి.

ట్రయల్ ఏ ఫేజో (ఏ దశలో ఉందో) అడగండి, ఫేజ్ 1 అంటే ముఖ్యంగా డోసు ఎంతవరకు సేఫో చూడ్డానికి, ఫేజ్ 3 అంటే ఇప్పుడున్న ట్రీట్‌మెంట్‌తో పోల్చడానికి, ఈ తేడా తెలీకుండా ఆశ పెట్టేసుకుంటేనే కష్టం.

మెదడుకి పాకిందా, లివర్ రిపోర్ట్ ఎలా ఉంది, ఆఖరి కీమో ఎప్పుడు, అన్నీ డేట్లతో రాసుకెళ్లండి ఎందుకంటే పాత మందు ఒంట్లోంచి పోడానికి చాలాసార్లు కొన్ని వారాల గ్యాప్ అడుగుతారు (ఆ గ్యాప్‌లో నొప్పి పెరిగితే ఏం చేయాలో కూడా అడిగేయండి).

వాడే ఆకుమందులు, విటమిన్లు దాచొద్దు. స్కాన్ల ఖర్చు ఎవరిదో రాతలో ఉండాలి. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, కాకపోతే డాక్టర్‌కి చెప్పి ఆపండి.