ఫ్లాట్‌బెడ్ ప్రింటర్‌లో బొమ్మ పక్కకి జరుగుతోందా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

చాలా ఫ్లాట్‌బెడ్‌లలో షీటు ఉన్నచోటే ఉంటుంది. ఇంకు చల్లే హెడ్ దాని మీదుగా తిరుగుతూ ప్రింట్ వేస్తుంది. మెషిన్ సున్నా అనుకుంటున్న చోటు, మనం ముక్క పెట్టిన చోటు ఒకటైతే బొమ్మ సరిగ్గా పడుతుంది. తేడా వస్తే చాలామంది మొదట సాఫ్ట్‌వేర్‌లో ఆరిజిన్ (ఆ సున్నా చోటు) విలువ మారుస్తారు. ఒక ముక్క బాగా వస్తుంది, తర్వాతది ఇంకోవైపు జరుగుతుంది, మళ్లీ మారుస్తారు. ఇలా పూట గడుస్తుంది, మెటీరియల్ పాడవుతుంది. బొమ్మ ఎంత జరిగిందన్నది తర్వాత చూడొచ్చు. ముందు ఎలా జరిగిందో చూడాలి. ఒకే దూరం జరగడం, వంకరగా రావడం, పోనుపోను తేడా పెరగడం, ఒక్కో ముక్క ఒక్కోలా రావడం: ఈ నాలుగూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచేయదు.

ముందు ఈ పరీక్ష చేయండి

పనికిరాని షీటు ఒకటి బెడ్ మీద పెట్టి, నాలుగు మూలలా టేపు వేసి, షీటుని బెడ్‌కి పట్టి ఉంచే వాక్యూమ్ ఆన్ చేయండి. నాలుగు మూలల్లో, మధ్యలో సన్నటి ప్లస్ గుర్తులు ప్రింట్ చేయండి. షీటుని ముట్టుకోకుండా అదే ఫైలు దాని మీదే మళ్లీ వేయండి. తర్వాత మెషిన్‌ని హోమ్‌కి (హెడ్ బయల్దేరే చోటికి) పంపి ఇంకోసారి, పవర్ ఆపి ఆన్ చేసి మరోసారి వేయండి. భూతద్దంతో చూడండి.

గుర్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడితే, మెషిన్ చెప్పిన చోటికే వెళ్తోంది. తప్పు ఫైలులోనో, ముక్క పెట్టడంలోనో, కొలతలోనో ఉంది. హోమ్‌కి పంపాక మాత్రమే గుర్తులు జరిగితే హోమ్ సెన్సర్‌ని చూడండి. దుమ్ము, ఇంకు తుంపర పట్టి ఉండొచ్చు, బిగింపు వదులై ఉండొచ్చు. ఏమీ ముట్టుకోకపోయినా రెండోసారికే గుర్తులు తప్పితే ఎన్‌కోడర్ స్ట్రిప్ (హెడ్ ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే గీతల పట్టీ) మురికి, బెల్టు వదులు, మోటారుని కలిపే కప్లింగ్ స్క్రూలు, ఈ వరుసలో చూసుకోండి. ఎన్‌కోడర్ స్ట్రిప్‌ని మాన్యువల్‌లో చెప్పిన ద్రవంతోనే తుడవండి. కొన్ని స్ట్రిప్‌ల మీది గీతలు గట్టి సాల్వెంట్ తగిలితే చెరిగిపోతాయి. చెయ్యి లోపల పెట్టేముందు పవర్ ఆపడం మరవకండి.

మెషిన్ ఈ పరీక్ష నెగ్గకపోతే కింద చెప్పినవేవీ చేయకండి. నిలకడ లేని మెషిన్‌కి ఆఫ్‌సెట్ సరిచేసి లాభం లేదు.

ప్రతి ముక్క మీదా ఒకే వైపు, ఒకే దూరం జరుగుతోంది

ఇది అన్నిటికంటే తేలిక సమస్య. కానీ దీనికి రెండు కారణాలున్నాయి, రెండోది చాలామంది కంట పడదు.

మొదటిది ఆరిజిన్ ఆఫ్‌సెట్. స్టాపర్లకి (షీటు అంచు ఆనే పట్టీ, పిన్నులు) ఆనించి ఒక షీటు పెట్టి, రెండు అంచుల నుంచీ 50 మి.మీ. లోపల ఒక ప్లస్ గుర్తు ప్రింట్ చేయండి. అంచు నుంచి గుర్తు దాకా కొలవండి. 51.2 వస్తే 1.2 తగ్గించాలి. ప్లస్సా మైనస్సా అన్నది మెషిన్‌ని బట్టి మారుతుంది కాబట్టి, మార్చాక ఇంకో గుర్తు వేసి చూసుకోండి. ఉక్కు స్కేలు మొదటి అంచు వాడకంలో అరిగిపోతుంది. అందుకని సున్నా నుంచి కాకుండా 100 దగ్గర మొదలుపెట్టి కొలిచి, ఆ 100 తీసేయండి. వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది.

రెండోది ఫైలు చుట్టూ ఉన్న ఖాళీ. మీరు 300 × 200 మి.మీ. ఆర్ట్‌బోర్డ్ (డిజైన్ ఫైలులోని పేజీ) మీద, ఎడమ నుంచి 20 మి.మీ. వదిలి లోగో పెట్టారనుకోండి. కొన్ని రిప్ సాఫ్ట్‌వేర్లు (ఫైలుని ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చేవి) ఆ తెల్లటి ఖాళీని కత్తిరించేసి, లోగో అంచునే సున్నాగా తీసుకుంటాయి. లోగో 20 మి.మీ. ఎడమకి జరిగి పడుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే. ఒక డిజైన్‌కి సరిగ్గా వచ్చి ఇంకో డిజైన్‌కి జరిగితే, అదీ డిజైన్ మారినప్పుడల్లా వేరే దూరం జరిగితే, అనుమానం దీని మీదే పెట్టుకోండి. రిప్‌లో పేజీ సైజుని యథాతథంగా ఉంచే సెట్టింగ్ ఉంటే అది ఆన్ చేయండి. లేకపోతే ఆర్ట్‌బోర్డ్ ఎదురెదురు మూలల్లో, కత్తిరింపులో పోయే చోట, చిన్న చుక్కలు పెట్టండి. పీడీఎఫ్ ఎగుమతి చేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ లాంటిది టిక్ అయి ఉందేమో కూడా చూడండి. తప్పు ఇలా ఫైలులోనో రిప్‌లోనో ఉన్నప్పుడు ఆరిజిన్ మారిస్తే, మరుసటి జాబ్‌కి ఆ మార్పే కొత్త సమస్య అవుతుంది.

ఒక చివర సరిగ్గా ఉంది, ఇంకో చివర దాటిపోయింది

బొమ్మ వంకరగా పడింది. డిగ్రీలో పదోవంతు వంకర కంటికి ఆనదు గానీ, మీటరు పొడవు షీటు చివరికి వెళ్లేసరికి అది 1.7 మి.మీ. అవుతుంది.

వంకర మెషిన్‌దా, షీటుదా అన్నది ముందు తేల్చుకోవాలి. 600 × 800 మి.మీ. దీర్ఘచతురస్రం ఒకటి ప్రింట్ చేసి రెండు కర్ణాలూ కొలవండి. మూలలు లంబంగా ఉంటే రెండూ సరిగ్గా 1000 మి.మీ. రావాలి. కర్ణాల మధ్య 1 మి.మీ. తేడా ఉంటే, 600 భుజం చివర దాదాపు 0.6 మి.మీ. పక్కకి వాలినట్టు. ఇది గ్యాంట్రీ (హెడ్‌ని మోసే అడ్డ దూలం) తప్పు. కొన్ని మెషిన్లలో దీనికి సాఫ్ట్‌వేర్‌లోనే దిద్దుబాటు విలువ ఉంటుంది. బోల్టులు వదులు చేసి గ్యాంట్రీని జరపాల్సి వస్తే సర్వీస్ ఇంజనీర్‌ని పిలవండి. ఆ పని సొంతంగా చేయబోతే బాగున్న అక్షం కూడా చెడుతుంది.

కర్ణాలు సమానంగా వస్తే మెషిన్ బాగుంది. అప్పుడు స్టాపర్లు చూడండి. బెడ్ అంచు హెడ్ ప్రయాణానికి సమాంతరంగా ఉంటుందని మనం నమ్మేస్తాం, చాలాసార్లు అలా ఉండదు. స్టాపర్ పట్టీ పక్కనే ఒక పొడవాటి గీత ప్రింట్ చేసి, రెండు చివర్లా పట్టీ నుంచి దూరం కొలవండి. తేడా ఉంటే పట్టీని సరిచేసి బిగించండి. స్టాపర్ పిన్నుల మీద ఇంకు గట్టిపడి పేరుకుంటుంది. ఆ పొర వెంట్రుకవాసి ఉన్నా షీటుని తిప్పేస్తుంది, గీకి శుభ్రం చేయండి.

పిన్నులు పొడవు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. మొత్తం మూడు, అంతే. రెండు వైపులా రెండేసి పెడితే ఇంకా గట్టిగా నిలబడుతుందనిపిస్తుంది. కానీ షీటు మూల సరిగ్గా 90 డిగ్రీలు లేకపోతే నాలుగు పిన్నులకీ ఒకేసారి ఆనదు. ఒక్కోసారి ఒక్కో పిన్నుని వదిలేస్తుంది. షీటుని ముందు పొడవు వైపు రెండు పిన్నులకీ ఆనించి, వాటి వెంబడే జరుపుతూ మూడోదానికి తాకించండి. చేత్తో పట్టుకుని ఉండగానే వాక్యూమ్ ఆన్ చేయండి. గాలి పట్టే క్షణంలో తేలికపాటి షీట్లు జరుగుతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వంకర పోలేదంటే షీటు కటింగే వంకర. మూలమట్టం పెట్టి చూడండి. ఒక్క ముక్క పనైతే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని కాస్త తిప్పి కానిచ్చేయొచ్చు. పది షీట్లుంటే అన్నిటినీ ముందు మట్టంగా కోయించుకోవడమే మేలు.

మొదటి ముక్క బాగుంది, పోనుపోను తేడా పెరుగుతోంది

ఇది స్కేల్ తప్పు, అంటే బొమ్మే అసలు సైజుకంటే చిన్నగానో పెద్దగానో పడుతోంది. 500 మి.మీ. గీత ప్రింట్ చేసి కొలిస్తే 499 వచ్చిందనుకోండి. 500ని 499తో భాగిస్తే 1.002, అంటే 100.2 శాతం పెట్టాలి. అడ్డానికీ నిలువుకీ వేర్వేరుగా కొలవండి, రెండు అక్షాలకీ ఒకే తప్పు ఉండాలని లేదు. జిగ్‌ని (ముక్కలు కూర్చోబెట్టే గడులున్న పలకని) లేజర్ మీద కోయించి ఉంటే, లేజర్‌దీ ప్రింటర్‌దీ కొలత కొద్దిగా తేడాగా ఉండొచ్చు. జిగ్‌లో మొదటి గడి నుంచి చివరి గడికి ఉన్న దూరాన్ని కొలిచి, ఫైలుని దానికి తగ్గట్టు మార్చుకోండి.

వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక మీటరు అక్రిలిక్ షీటు 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాదాపు 0.7 మి.మీ. సాగుతుంది. అల్యూమినియం 0.23 మి.మీ., అద్దం 0.1 లోపే. పొద్దున సరిపోయిన అక్రిలిక్ జిగ్ మధ్యాహ్నానికి తేడా చేస్తోందంటే కారణం ఇదే కావచ్చు. పెద్ద జిగ్‌లకి అల్యూమినియం వాడటం మంచిది. షీట్లను ప్రింట్ చేసే గదిలోనే కాసేపు ఉంచి, ఆ తర్వాతే కొలవండి.

ఒక్కో ముక్క ఒక్కో వైపు

ఇందులో మెషిన్ తప్పు దాదాపు ఉండదు. జిగ్ గడి వదులుగా ఉంది, లేదా ముక్కల సైజే ఒకేలా లేదు. పెట్టెలోంచి పది ముక్కలు తీసి వెర్నియర్‌తో కొలవండి. అన్నిటికంటే పెద్దదానికి 0.2 మి.మీ. కలిపి గడి సైజు పెట్టండి. లేజర్ కోత తన వెడల్పు మేర మెటీరియల్‌ని తినేస్తుంది, ఆ లెక్క వేయకపోతే గడి అనుకున్నదానికంటే పెద్దదవుతుంది. గడి లోపలి మూలల్లో చిన్న గుండ్రటి గాటు కోయించండి. అది లేకపోతే ముక్క మూల అక్కడ తగులుకుని పూర్తిగా లోపలికి కూర్చోదు.

అన్ని ముక్కల్నీ గడిలో ఒకే మూలకి నెట్టి పెట్టాలి. ఒకరు ఎడమకి, ఇంకొకరు మధ్యకి పెడితే ఎంత మంచి జిగ్ ఉన్నా ఉపయోగం లేదు. ఏ మూలకి నెట్టాలో జిగ్ మీదే బాణం గుర్తు ప్రింట్ చేసేయండి.

ముక్కల సైజులోనే 0.5 మి.మీ. తేడా ఉంటే, అంచు చుట్టూ సమానంగా సన్నటి బోర్డర్ ఎవరూ ఇవ్వలేరు. ఆ మాట కస్టమర్‌కి ముందే చెప్పి డిజైన్ మార్చడం నయం. రంగుని అంచు దాటి 2 మి.మీ. బ్లీడ్‌తో వదలండి, లేదా బొమ్మని అంచుకి బాగా దూరంగా పెట్టండి. అంచుకి సమాంతరంగా వెళ్లే గీత ఎంత చిన్న తేడానైనా బయటపెడుతుంది.

తెలుపు ఒకచోట, రంగు ఒకచోట

తెల్ల ఇంకు పొర మీద రంగు పొర సరిగ్గా కూర్చోకుండా అంచున తెల్లగీత కనిపిస్తే, రెండు పొరల మధ్య ముక్క కదిలిందేమో చూడండి. బెడ్ మీద మూయని వాక్యూమ్ రంధ్రాలుంటే గాలంతా వాటిలోంచే వస్తుంది, షీటుకి పట్టు ఉండదు. ఖాళీ చోటంతా కాగితంతోనో ఫిల్మ్‌తోనో కప్పండి. చిన్న ముక్కలకి రెండువైపులా అంటే టేపు తప్పదు. పలచని షీటు, ఇంకుని ఆరబెట్టే యూవీ దీపం వేడికి అంచుల దగ్గర లేచి హెడ్‌కి తగలొచ్చు. అది హెడ్‌కే ప్రమాదం కాబట్టి అంచులకి టేపు వేయండి, దీపం పవర్ తగ్గించి చూడండి.

ముక్క కదలకపోయినా సన్నటి తెల్ల అంచు కనిపిస్తుంటే, రిప్‌లో తెలుపు పొరని ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి తగ్గించండి.

నిలువు గీతలు రెండుగా కనిపిస్తున్నాయి

హెడ్ అటూ ఇటూ పోతూ రెండువైపులా ప్రింట్ చేసేటప్పుడు వచ్చే సమస్య ఇది. హెడ్ ప్రయాణానికి అడ్డంగా ఉన్న గీతలే చెడతాయి, ప్రయాణం వెంబడి ఉన్న గీతలు బాగుంటాయి. దాన్నిబట్టే గుర్తుపట్టొచ్చు.

కారణం చాలావరకు ఎత్తే. హెడ్‌ని మోసే క్యారేజ్ సెకనుకి 1 మీటరు వేగంతో పోతోందని, చుక్క సెకనుకి 6 మీటర్ల వేగంతో కిందికి వస్తోందని అనుకుందాం. హెడ్‌కీ షీటుకీ మధ్య గ్యాప్ 1 మి.మీ. పెరిగితే చుక్క దాదాపు 0.17 మి.మీ. ముందుకి పోయి పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అంతే దూరం అటువైపు పడుతుంది. రెండూ కలిపి 0.33 మి.మీ. ఎడం. చిన్న అక్షరాలు చదవలేనట్టు కావడానికి అది చాలు.

షీటు మందాన్ని ఒక్కచోటే కొలవకండి. వంపు తిరిగిన బోర్డు మధ్యలో లేచి ఉంటుంది, ఎత్తైన చోటుని బట్టే గ్యాప్ పెట్టాలి. మీరు పని చేయబోయే గ్యాప్‌లోనే బైడైరెక్షనల్ క్యాలిబ్రేషన్ (పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చుక్కలు ఒకేచోట పడేలా సరిచేయడం) చేయండి. ఉపరితలం ఎత్తుపల్లాలుగా ఉంటే ఒకవైపు ప్రింటింగ్ పెట్టండి. టైమ్ ఎక్కువ పడుతుంది గానీ గీత ఒక్కటిగా వస్తుంది.

పలచని షీటుకి సరిపోయింది, మందపాటి ముక్కకి జరిగింది

హెడ్ పైకి లేచే దారి నిట్టనిలువుగా లేకపోతే, ఎత్తు మారినప్పుడల్లా బొమ్మ చోటు కూడా మారుతుంది. బెడ్ మీద టేపు వేసి దానిమీద ఔట్‌లైన్ ప్రింట్ చేసి, అందులో ముక్క పెట్టి హెడ్‌ని పైకి లేపేవాళ్లకి ఈ తేడా ఎక్కువగా తగులుతుంది. బెడ్ ఎత్తులో ఒక ప్లస్ గుర్తు, 50 మి.మీ. దిమ్మ పెట్టి దాని మీద ఇంకోటి వేసి, రెండిటి దూరాలూ ఒకే స్టాపర్ నుంచి కొలవండి. తేడా వస్తే మందాన్ని బట్టి ఆఫ్‌సెట్లు రాసిపెట్టుకోండి.

వెనకవైపు ప్రింట్ ముందువైపుతో కలవడం లేదు

షీటుని పుస్తకం పేజీలా తిప్పితే కుడి అంచు ఎడమ స్టాపర్‌కి వస్తుంది. అప్పుడు షీటు వెడల్పులో ఉన్న తప్పంతా వెనక బొమ్మ మీద పడుతుంది. 1 మి.మీ. ఎక్కువ కోసిన షీటుకి వెనక బొమ్మ 1 మి.మీ. జరుగుతుంది. ముందువైపు ఏ అంచుని ఆనించారో దానికి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిప్పాక కూడా అదే అంచు స్టాపర్‌కి ఆనేలా చూడండి. అందుకు కుడివైపున ఇంకో స్టాపర్ బిగించి, వెనకవైపు ఫైలుని కుడి నుంచి లెక్కేసి పెట్టాలి. కుడి స్టాపర్ పెట్టే వీలు లేకపోతే ప్రతి షీటు వెడల్పూ కొలిచి, అసలు సైజుకంటే ఎంత ఎక్కువుందో అంతమేర వెనక బొమ్మని కుడివైపుకి జరిపి ప్రింట్ చేయండి.