వార్డు గెడ్డలకు డిజిటల్ పటం: అడుగు మట్టం దగ్గర మొదలుపెట్టండి

విశాఖలో గట్టి వాన పడితే కొండ నీళ్లు నిమిషాల్లో వీధుల్లోకి దిగుతాయి. ఒక పక్క సింహాచలం కొండలు, ఇంకో పక్క హార్బరూ సముద్రమూ. ఆ నీళ్లకి గెడ్డలూ (వాగులు), మదుములూ (రోడ్డు కింద నీళ్లు దాటే తూములు) మాత్రమే దారి. ఫోన్లోనే పటం గీసే వీలొచ్చాక, కాలువల్ని నీలిగీతలుగా గీసేసి పనైపోయిందనుకోవడం ఎక్కువైంది. నీరు ఎటు పోతుందో గీత చెప్పదు, కాలువ అడుగు మట్టం చెబుతుంది. ఇన్వర్ట్ లెవెల్ అనేది దాన్నే. సగం శ్రమ దాని మీదే పెట్టండి.

ముందు మట్టానికి ఆధారం తేల్చుకోవాలి. జీపీఎస్ పరికరం నేరుగా ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, భూమికి లెక్కలో ఊహించిన నమూనా ఉపరితలం నుంచి కొలిచింది. బీచ్ రోడ్డు మీద నిలబడ్డా అది మైనస్ పదుల మీటర్లు చూపిస్తుంది. మన దేశపు సగటు సముద్ర మట్టాన్ని 1909లో తొమ్మిది రేవుల పోటుపాట్ల కొలతలతో స్థిరపరిచారు, వాటిలో విశాఖ ఒకటి. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తేల్చిన గుర్తు) నుంచి మట్టం తెచ్చుకుని, వార్డులో కదలని చోట్ల, అంటే గుడి మెట్టు, వంతెన పిట్టగోడ లాంటి వాటి మీద, మూడు నాలుగు గుర్తులు పెట్టుకోండి. పటంలో స్థానాలను మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర జోన్ (సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644) వాడాలి. ఇద్దరు వేర్వేరు కొలమానాల్లో పనిచేస్తే తర్వాత కలపడం నరకం.

కాలువ స్థానానికి ఆర్‌టీకే రిసీవర్ (సెంటీమీటర్లలో స్థానం చెప్పే జీపీఎస్ రకం) చాలు. తెర మీద ఫిక్స్‌డ్ (లెక్క కుదిరింది) అని వచ్చేదాకా ఆగండి, ఫ్లోట్‌లో (ఇంకా కుదరనప్పుడు) తీసిన బిందువు పనికిరాదు. అడుగు మట్టానికి మాత్రం ఆటో లెవెలే (దుర్భిణిలోంచి కొలత కర్రను చూసి ఎత్తు తేడా చెప్పే పరికరం) వాడాలి. 500కి 1 వాలున్న కాలువ 30 మీటర్లకు దిగేది 6 సెంటీమీటర్లే. ఆర్‌టీకే నిలువు కొలతలో రెండు కొసలా ఎదురెదురు దిశల్లో 3 సెంటీమీటర్ల చొప్పున తప్పు వస్తే ఆ వాలంతా మాయమైపోతుంది. ఇరుకు సందుల్లో గోడలకు తగిలి వచ్చే సిగ్నల్‌తో తప్పు ఇంకా పెరుగుతుంది. డ్రోన్ ఆలోచన ఉంటే ముందు డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. విమానాశ్రయం, నౌకాదళ స్థావరం నగరంలోనే ఉన్నాయి. అయినా స్లాబు కింద ఏముందో డ్రోన్‌కి కనిపించదు.

మూసిన కాలువలోకి మనిషిని దింపకండి. విషవాయువు ప్రాణం తీస్తుంది. స్లాబు తెరిచి పైనుంచే స్టాఫ్ (కొలత కర్ర) దించి రెండు కొలతలు తీయండి: పూడిక పైభాగం ఒకటి, ఇనుప ఊచ గుచ్చి అసలు అడుగు ఇంకొకటి. క్యూఫీల్డ్‌లో (ఫోన్లో పటం గీసి వివరాలు రాసుకునే యాప్) ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉండాలి. వెడల్పు, గోడ రకం, మదుములో అడ్డంగా వెళ్లిన మంచినీటి పైపులు, కేబుళ్లు కూడా రాయండి. చెత్త పట్టుకునేది అక్కడే.

రెండు కొలతలు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 12 హెక్టార్ల వీధులు, 0.8 ప్రవాహ గుణకం (పడిన వానలో కాలువకు చేరే వంతు), గంటకు 60 మి.మీ. వాన అనుకుంటే సెకనుకు 1.6 ఘనపు మీటర్లు వస్తాయి. 1.2 మీటర్ల వెడల్పు, 0.9 మీటర్ల లోతు, 500కి 1 వాలున్న కాంక్రీటు కాలువ కాలువ ఎంత నీరు మోస్తుందో చెప్పే మానింగ్ సూత్రం ప్రకారం (గరుకుదనం అంకె ఎన్ 0.015) 1.63 ఘనపు మీటర్లు మోస్తుంది. సరిపోయింది. అడుగున 30 సెంటీమీటర్ల పూడిక చేరి, గరుకు 0.025 అయితే అదే కాలువ మోసేది 0.58. లోతు తగ్గింది మూడో వంతే, సామర్థ్యం మాత్రం మూడో వంతుకు పడిపోయింది. పటంలో పూడిక లేకపోతే ఆ కాలువ బాగున్నట్టే కనిపిస్తుంది.

గీతలన్నీ ఎగువ నుంచి దిగువకే గీయండి. కొసలు అతుక్కునేలా స్నాపింగ్ పెట్టుకోండి. క్యూజీఐఎస్‌లో (కంప్యూటర్లో పటాలు చేసే సాఫ్ట్‌వేర్) ప్రతి గీతకూ ఎగువ మట్టంలోంచి దిగువ మట్టం తీసేస్తే మైనస్ వచ్చినవి ఎర్రగా తేలతాయి. వాటిలో కొన్ని కొలత తప్పులు, కొన్ని నిజంగానే ఎదురువాలు. అక్కడికి మళ్లీ వెళ్లి చూడాల్సిందే.

ఆ తర్వాతే వాన నీరు కాలువల్లో ఎలా పారుతుందో లెక్కగట్టే, ఉచితంగా దొరికే ఎస్‌డబ్ల్యూఎంఎం మోడల్. దానికి 24 గంటల వాన మొత్తం సరిపోదు, 15 నిమిషాల లెక్క కావాలి. హార్బరులోనో సముద్రంలోనో కలిసే చోట పోటు మట్టం ఇవ్వాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు సుమారు ఒకటిన్నర మీటరు లేస్తుంది. పోటు పట్టికల్లోని అంకెలు చార్ట్ డేటం (ఓడల పటాలకు వాడే, సగటు కన్నా కింద ఉండే మట్టం) నుంచి ఉంటాయి. వాటిని సగటు సముద్ర మట్టానికి మార్చకుండా పెడితే లేని వరద కనిపిస్తుంది.

నీటిమట్టం సెన్సర్లు రెండు మూడు చాలు. వీధి మునిగే చోటా, దాని దిగువ మదుము దగ్గరా అవి ఉండాలి. రెండు మట్టాల మధ్య తేడా హఠాత్తుగా పెరిగితే మదుము మూసుకుంటోందని అర్థం. శబ్దం తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ రకానికి ఉష్ణోగ్రత సవరణ తప్పనిసరి: 10 డిగ్రీల తేడాకు 2 మీటర్ల దూరంలో సుమారు 3.5 సెంటీమీటర్లు తప్పుతుంది. గుర్రపుడెక్క తేలివస్తే దాన్నే నీరనుకుంటుంది. ఉప్పుగాలికి మామూలు బోల్టులు తుప్పు పడతాయి. తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వాడి, పెట్టె ప్లాస్టిక్‌ది తీసుకోండి. మామూలు రోజుల్లో 15 నిమిషాలకోసారి, వానలో 2 నిమిషాలకోసారి పంపేలా పెడితే బ్యాటరీ నిలుస్తుంది.

పూడిక తీసిన వారంలోపు అదే బిందువుల్లో మళ్లీ ఊచ గుచ్చి, తేదీతో కొత్త వరుసగా రాయండి. పాత అంకె మీద దిద్దకండి. రెండు మూడేళ్ల వరుసలు పక్కపక్కన పెడితే ఏ మదుము దగ్గర ఎన్ని నెలలకు పూడుతుందో కనిపిస్తుంది. పూడిక తీత టెండరులో పొడవుకు బదులు ఆ బిందువుల నంబర్లే రాయించవచ్చు.