కుందేలుకు న్యూటరింగ్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఎలా చూసుకోవాలి?

న్యూటరింగ్ అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. అది అయిన కుందేలును ఇంటికి తెచ్చాక అందరి కళ్లూ కుట్ల మీదే ఉంటాయి. కుట్లు చూడాల్సిందే, కానీ ఈ సమయంలో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా పొట్టతోనే. నొప్పి వల్లో, భయం వల్లో కుందేలు తిండి మానేస్తే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల గ్యాస్ పట్టి నొప్పి పెరుగుతుంది, దాంతో ఇంకా తినదు. అందుకే మొదటి రెండు మూడు రోజులు ఎంత తింటోంది, ఎన్ని పెంటికలు వేస్తోంది అన్నది చూడటమే మీ ముఖ్యమైన పని.

1. డాక్టర్ దగ్గర నుంచి కదిలేముందు

నొప్పి మందు ఎన్ని ఎం.ఎల్. వేయాలి, ఎన్ని రోజులు వేయాలి, కుట్లు వాటంతటవే కరిగేవా, తీయించాల్సినవా, రాత్రిపూట అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి... ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కుందేలు పూర్తిగా మెలకువలోకి వచ్చాకే ఇంటికి తీసుకెళ్లండి. అక్కడే ఏమైనా కొరికితే మరీ మంచిది. దానికి అలవాటైన గడ్డి, ఆకులు ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

2. చోటు సిద్ధం చేయడం

ఎక్కడానికి, దూకడానికి వీల్లేని చదునైన చోటు కావాలి. మన ఇళ్లలో టైల్స్ నున్నగా ఉంటాయి కాబట్టి, కాళ్లు జారి కుట్లు లాగకుండా దుప్పటి పరచండి. రంపపు పొట్టు, ఇసుక కుట్లకు అంటుకుంటాయి, వద్దు. మత్తు ప్రభావంతో ఒళ్లు చల్లబడి ఉంటే, గోరువెచ్చని నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి ఒక పక్కన పెట్టండి. వేడిగా అనిపిస్తే అది పక్కకు జరగడానికి చోటుండాలి. ఎండాకాలమైతే మాత్రం గది చల్లగా ఉండాలి, కుందేలు వేడికి అస్సలు తట్టుకోలేదు.

3. తినిపించడం

ఎండుగడ్డి, నీళ్లు మూతికి దగ్గరగా పెట్టండి. నీళ్లు సీసాలో కంటే గిన్నెలో ఉంటే తేలిగ్గా తాగుతుంది. అప్పుడు కూడా ముట్టకపోతే మంచి వాసన ఉన్నవి చూపించండి: కడిగిన కొత్తిమీర, పుదీనా, లేత గరిక. ఒక కొత్తిమీర రెమ్మను పెదవికి తాకించి ఊరుకోండి. ముక్కు కదిలి, ఒక ఆకు లాక్కుందంటే సగం టెన్షన్ తీరినట్టే. ఇప్పటిదాకా తినని కొత్త ఆకులు మాత్రం ఈ వారం పెట్టకండి.

మొదటి రోజు పెంటికలు చిన్నవిగా, తక్కువగా ఉండొచ్చు. రోజులు గడిచేకొద్దీ మళ్లీ గుండ్రంగా, పెద్దగా రావాలి. పొద్దున ట్రే శుభ్రం చేసి పెడితే, సాయంత్రానికి ఎన్ని పడ్డాయో తేలిగ్గా తెలుస్తుంది. సాయంత్రానికీ తినకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి. నానబెట్టిన పెల్లెట్లను (కుందేళ్ల గుళికల మేతను) మెత్తగా చేసి సిరంజితో పెట్టమని చెప్పొచ్చు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం బలవంతంగా పెట్టకండి. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లాలి.

4. మందు వేయడం

కుందేళ్లకు నొప్పి తగ్గడానికి ఎక్కువగా మెలోక్సికామ్ రాస్తారు. సిరంజిని మూతి పక్క నుంచి, ముందు పళ్ల వెనక ఉన్న ఖాళీలో పెట్టి కొద్దికొద్దిగా వదలండి. తల వెనక్కి వంచితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగానే ఉంది కదా అని మందు మధ్యలో మానకండి, నొప్పిని దాచుకోవడం కుందేలు స్వభావం. ముడుచుకుని కూర్చోవడం, కళ్లు సగం మూయడం, పళ్లు గట్టిగా నూరడం నొప్పికి గుర్తులు.

మన మాత్రలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌లు వేయకండి. అమోక్సిసిలిన్ లాంటిది నోటి ద్వారా వేస్తే కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణమే పోవచ్చు.

5. కుట్లు చూడటం

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. వెల్లకిలా తిప్పకండి. ఒకరు ఛాతీకి ఆనించుకుని, వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టి ఎత్తితే రెండోవారు కింది నుంచి చూడొచ్చు. కొద్దిగా వాపు, ఎరుపు మామూలే. మగవాటికి వృషణాల తిత్తి కొన్ని రోజులు ఉబ్బి ఉండొచ్చు. చీము, రక్తం కారడం, దుర్వాసన, కుట్లు విడిపోవడం కనిపిస్తే డాక్టర్ చూడాలి.

పసుపు, కొబ్బరినూనె రాయకండి. అది నాకేస్తుంది, కుట్లూ తడుస్తాయి. స్నానం అసలే వద్దు. కుట్లు నాకకుండా మెడకు వేసే ప్లాస్టిక్ కోన్ కూడా డాక్టర్ చెబితేనే పెట్టండి. అది ఉంటే కుందేలు తన మెత్తటి పెంటికలను తిరిగి తినలేదు, అవి దానికి అవసరం. వానాకాలంలో ఈగలు పుండు మీద గుడ్లు పెడతాయి, కాబట్టి ట్రే ఎప్పటికప్పుడు మార్చి దోమతెర కట్టండి.

6. విశ్రాంతి, తోడు

ఆడకుందేలుకు పొట్ట కోసి గర్భసంచి తీస్తారు కాబట్టి అది కోలుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. దాదాపు 10 రోజులు పరిగెత్తనివ్వకండి. జంటగా పెరిగినవైతే మధ్యలో జాలీ పెట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి.

మగకుందేలు హుషారుగా తిరుగుతోందని ఆపరేషన్ కాని ఆడకుందేలు దగ్గర వదలకండి. ఆపరేషన్ తర్వాత కూడా 4 నుంచి 6 వారాల దాకా దాని వల్ల ఆడకుందేలు చూలు కట్టొచ్చు.