వేరియాడిక్ ఫంక్షన్ కాల్‌లో ఆర్గ్యుమెంట్ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టడం

సీ భాషలో ప్రింట్‌ఎఫ్ వంటి వేరియాడిక్ ఫంక్షన్‌ను, అంటే ఎన్ని ఆర్గ్యుమెంట్లనైనా తీసుకునేదాన్ని, పిలిచేటప్పుడు ప్రతి ఆర్గ్యుమెంట్ టైపూ కాలర్ (పిలిచే కోడ్) వైపు కంపైలర్‌కు తెలుసు. కాలీకి (పిలవబడే ఫంక్షన్‌కు) మాత్రం, తదుపరి ఆర్గ్యుమెంట్‌ను చదివే వీఏ_ఆర్గ్‌లో రాసిన టైపు తప్ప మరో ఆధారం లేదు. ఇద్దరూ ఒకే ఏబీఐ (ఆర్గ్యుమెంట్లను ఎక్కడ పెట్టాలో చెప్పే ఒప్పందం) నియమంతో విడివిడిగా లెక్క వేసి ఒకే చోటికి చేరాలి కనుక, టైపు తప్పితే చదివే చోటు కూడా తప్పవచ్చు.

మొదట ప్రమోషన్లను వర్తింపజేయండి. ఫంక్షన్ ప్రకటనలోని మూడు చుక్కల స్థానంలో పంపిన క్యార్, షార్ట్ విలువలు ఇంట్‌గానూ, ఫ్లోట్ విలువ డబుల్‌గానూ మారతాయి. అందువల్ల వీఏ_ఆర్గ్‌లో ఫ్లోట్ అని రాయడం ఎప్పుడూ తప్పే.

తరువాత టార్గెట్, అంటే కోడ్ నడిచే ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ ఏవో చూడాలి. నియమం అర్థం కావడానికి 32 బిట్ల ఆర్మ్ అన్నిటికన్నా అనువైనది. అక్కడ లాంగ్ లాంగ్, డబుల్ విలువలకు 8 బైట్ల అలైన్‌మెంట్ (8 గుణిజమైన చిరునామా) కావాలి కాబట్టి, రిజిస్టర్లలో అవి సరిసంఖ్యతో మొదలయ్యే జంటలోనే కూర్చుంటాయి. ఆర్గ్యుమెంట్లకు ఆర్0 నుంచి ఆర్3 వరకు రిజిస్టర్లు వాడతారు. ఫార్మాట్ స్ట్రింగ్ ఆర్0లో, దాని వెంట లాంగ్ లాంగ్ ఉంటే, ఆర్1 ఖాళీగా మిగిలి విలువ ఆర్2, ఆర్3లలోకి వెళుతుంది; ఆ పైన వచ్చే ఇంట్ ఖాళీగా ఉన్న ఆర్1లోకి వెనుదిరగదు, స్టాక్‌పైకే పోతుంది. ఇంట్‌ను ముందుకు జరిపితే ఖాళీ లేకుండా మూడూ రిజిస్టర్లలోనే ఇముడుతాయి. మొదటి క్రమంలోనే ఉంచి లాంగ్ లాంగ్‌కు పొరపాటున పర్సెంట్ డి (ఇంట్‌కు వాడే గుర్తు) రాస్తే, కాలీ ఆర్1లోని సంబంధం లేని విలువను చదువుతుంది.

కాలీ తన ప్రారంభంలోనే ఈ రిజిస్టర్లను స్టాక్ ఆర్గ్యుమెంట్లకు ఆనుకొనేలా దాచి, అన్నిటినీ ఒకే వరుసగా చదువుతుంది. 8 బైట్ల విలువ కోసం పాయింటర్‌కు 7 కలిపి చివరి మూడు బిట్లను సున్నా చేస్తుంది: చిరునామా 1004 అయితే 1011, ఆపై 1008. కాల్ సమయంలో స్టాక్ పాయింటర్ 8 గుణిజంగా ఉండాలన్న నిబంధన వల్లనే జంట నియమం, ఈ సవరణ ఒకదానితో ఒకటి సరిపోతాయి.

64 బిట్ల ఎక్స్86పై లినక్స్ పద్ధతి వేరు. ఆరు సాధారణ రిజిస్టర్లకు 48 బైట్లు, దశాంశ విలువలకు వాడే ఎనిమిది ఎక్స్ఎంఎం రిజిస్టర్లకు 128 బైట్లు కలిపి, కాలీ వాటిని దాచుకునే 176 బైట్ల సేవ్ ఏరియా ఉంటుంది. ఎన్ని ఎక్స్ఎంఎం రిజిస్టర్లు వాడారో దాని గరిష్ఠ పరిమితిని కాలర్ ఏఎల్ అనే రిజిస్టర్‌లో తెలపాలి. లాంగ్ డబుల్ ఎప్పుడూ స్టాక్‌పైనే, 16 గుణిజమైన చిరునామాలో ఉంటుంది. చేత్తో అసెంబ్లీ రాసేవారు కాల్‌కు ముందు స్టాక్‌ను 16కు సరిచేయకపోతే, ఎక్స్ఎంఎంలను దాచే, 16 గుణిజమైన చిరునామానే ఒప్పుకునే మూవ్ఏపీఎస్ సూచన వద్దే ప్రోగ్రామ్ కూలవచ్చు. 64 బిట్ల విండోస్‌లో ప్రతిదానికీ 8 బైట్ల గడి ఉంటుంది, అంతకన్నా పెద్దవి చిరునామా రూపంలో వెళతాయి కాబట్టి ఇంత చిక్కు లేదు. ఆపిల్ 64 బిట్ల ఆర్మ్‌లో వేరియాడిక్ భాగమంతా స్టాక్‌పైనే ఉంటుంది. ప్రోటోటైప్ (ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల ప్రకటన) లేకుండా పిలిస్తే కాలర్ ఆ ఆర్గ్యుమెంట్లను రిజిస్టర్లలో పెట్టి పాడుచేస్తుంది.

లెక్క సరిచూసుకోవడానికి జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో దేనికైనా అసెంబ్లీని చూపే పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి, కాల్‌కు ముందున్న సూచనలను చదవండి. ఫార్మాట్ స్ట్రింగ్‌కూ టైపులకూ పొంతన లేకపోతే కంపైలర్ ఇచ్చే ఫార్మాట్ హెచ్చరికలు ప్రింట్‌ఎఫ్ వంటివాటికి పనిచేస్తాయి. మీరే రాసిన వేరియాడిక్ ఫంక్షన్‌కు ఆ రక్షణ దానంతటదే రాదు; అది ప్రింట్‌ఎఫ్ తరహాదైతే ఆ హెచ్చరికలను రప్పించే ఫార్మాట్ ఆట్రిబ్యూట్‌ను దాని ప్రకటనకు జోడించండి, కాకపోతే కాల్ చేసే ప్రతిచోటా ఆర్గ్యుమెంట్‌ను ఉద్దేశించిన టైపుకు స్పష్టంగా కాస్ట్ చేయండి.