చేసిన పనులన్నిటినీ ఒక పుస్తకంలోకి ఎక్కించుకోవడం ఎలా

పదవీ విరమణ తరువాత తమ ఉద్యోగ జీవితాన్ని రాసిపెట్టుకోవాలనుకునేవారు చాలామంది ఒకే పొరపాటుతో మొదలుపెడతారు. చేతిలో కాగితమున్న కొలువులను మాత్రమే ఉద్యోగాలుగా లెక్కించి, మిగిలినవాటిని "అప్పుడేదో కొన్నాళ్లు చేశాన్లే" అన్న ఒక్క మాటతో దాటేస్తారు. నేనూ అదే చేశాను. మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు నాలుగు ఉద్యోగాలే లెక్కకు వచ్చాయి. ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో మళ్లీ రాసేసరికి అవి పదకొండయ్యాయి.

ఇందుకు కావలసింది 200 పేజీల నోటు పుస్తకం ఒకటి. ఎడమవైపు పేజీలలో మాత్రమే రాసి, కుడివైపు పేజీలను ఖాళీగా వదలాలి. ముందుగా ఉద్యోగాల పేర్లు రాయకూడదు. ఒక్కొక్క ఎడమ పేజీ నెత్తిన ఒక్కొక్క సంవత్సరం, దాని పక్కన ఆ ఏటికి మన వయసు వేసుకుంటూ పోవాలి. ఉద్యోగాల పేర్లతో మొదలుపెడితే గుర్తున్నవే వస్తాయి; సంవత్సరాలతో మొదలుపెడితే గుర్తులేనివి ఖాళీ పేజీలుగా కళ్ల ముందు నిలబడి, "ఆ ఏడాది ఏం తిని బతికావు?" అని అడుగుతాయి.

తరువాత ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటికి తీయాలి. ప్రభుత్వోద్యోగం చేసినవారికి సర్వీసు రిజిస్టరు నకలు ఉంటే చేరిన తేదీ, బదిలీలు, ఇంక్రిమెంట్లు, పెట్టిన సెలవులు అన్నీ అందులోనే దొరుకుతాయి కనుక వారికి ఈ భాగం సులువు. ప్రైవేటులో పనిచేసినవారికి దిక్కు పీఎఫ్ చీటీలే. ఉద్యోగం మారినా మారకుండా ఉండే పీఎఫ్ సంఖ్య, యూఏఎన్, 2014లో వచ్చింది కాబట్టి, అంతకుముందే మానేసిన ఉద్యోగాలకు పాత ఖాతా సంఖ్యే ఆధారం. దానిలో ముందు ప్రాంతాన్ని సూచించే అక్షరాలు, ఆ తరువాత సంస్థ సంఖ్య, చివర మన సంఖ్య ఉంటాయి. ఈ వెతుకులాటకు జ్ఞాపకాలను మించిన ప్రయోజనం కూడా ఒకటుంది. 1995 నవంబరు 16న అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం కింద నెలనెలా పింఛను రావాలంటే కనీసం పదేళ్ల అర్హతగల సర్వీసు ఉండాలి. రెండు మూడు చోట్ల ముక్కలుముక్కలుగా చేసినవారు ఆ ముక్కలన్నీ ఒక ఖాతాలోకి చేరాయో లేదో ఈ సందర్భంగానే చూసుకోవచ్చు.

తేదీ లేని కాగితాలు దొరికినప్పుడు పారేయకూడదు, వాటిలోనే తేదీ దాగి ఉంటుంది. కవరు మీద చిరునామాలో పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తరువాతిదే. రబ్బరు స్టాంపులో "ఒంగోలు జిల్లా" అని ఉంటే 1970లో ఆ జిల్లా ఏర్పడిన నాటికీ, 1972లో అది ప్రకాశం జిల్లాగా మారిన నాటికీ మధ్యదై ఉంటుంది, కాకపోతే పాత స్టాంపునే కొన్నాళ్లు వాడిన గుమాస్తా పొదుపరితనం అయి ఉంటుంది. మండలం అన్న మాట కనబడితే అది 1985కు ముందుది కాదు.

కాగితాలు అయిపోయాక మిగిలేది జ్ఞాపకం. ఇంట్లో పెద్దవారి చేత చెప్పించుకుని రాసేవారు "మామయ్యగారూ, మీరు ఆ మిల్లులో ఏ సంవత్సరం చేరారు?" అని అడిగితే ఆయన కప్పు వైపు చూస్తూ ఉండిపోతారు. "కృష్ణా పుష్కరాలకు మీరు ఎక్కడి నుంచి బయలుదేరి వెళ్లారు?" అని అడిగితే ఊరు, అద్దె ఇల్లు, సెలవు ఇవ్వనన్న మేనేజరు, అన్నీ వరుసగా వస్తాయి. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లలోనూ, గోదావరి పుష్కరాలు ఒక్కొక్క ఏడు ముందుగా 1979, 1991, 2003, 2015లలోనూ వచ్చాయి. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన, స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు భయపడిన 1979 జులై, 1983 జనవరిలో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం, ఇవి కూడా మంచి గుర్తులే. వాటిని పేజీల నెత్తిన ముందే రాసిపెట్టుకుంటే "స్కైలాబ్ నాటికి నేను ఇంకా బట్టల కొట్లోనే ఉన్నాను" వంటి వాక్యాలు తమంతట తామే వస్తాయి.

ఎముకల గూడు ఇలా నిలబడ్డాక, ఒక్కొక్క పనికి ఒక మామూలు రోజును పూర్తిగా రాయాలి. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో అసలైన భాగం ఇదే. సన్మానం జరిగిన రోజో, గొడవ జరిగిన రోజో వద్దు. ఏమీ జరగని రోజు కావాలి. పొద్దున చేతికి మొదట తగిలిన వస్తువు ఏది, పని ఎవరు నేర్పారు, ఏ తప్పు చేస్తే తిట్టేవారు, సాయంత్రానికి ఒంట్లో ఏ భాగం నొప్పి పుట్టేది అన్న ప్రశ్నలు వేసుకుంటే చాలు. నేను 1974లో నెలకు 60 రూపాయల మీద ఒక ముద్రణాలయంలో కంపోజింగు, అంటే సీసపు అక్షరాలను పేర్చే పని, నేర్చుకోవడానికి చేరాను. మొదటి జాబితాలో దాని ఊసే లేదు. మామూలు రోజును రాయడానికి కూర్చున్నప్పుడు ముందు గుర్తొచ్చింది కిరసనాయిలు వాసన. అచ్చయిపోయిన సీసపు అక్షరాలను దానితో కడిగి, మళ్లీ ఎక్కడివక్కడ కేసు అనే అక్షరాల పెట్టె గళ్లలో వేయడమే కొత్తవాడికి ఇచ్చే మొదటి పని. గుణింతాలకూ వత్తులకూ వేరువేరు గళ్లు ఉండటంతో తెలుగు కేసు ఇంగ్లీషు కేసుకంటే చాలా పెద్దది. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే అక్షరాలలో "ప"కు బదులు "ష" గడిలో వేస్తే మర్నాడు ఎవరి శుభలేఖలోనో అది బయటపడేది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు పట్టుకుని రోజంతా నిలబడే ఉండాలి. మాఘ ఫాల్గుణాలలో రాత్రి పదింటి దాకా పని, మూఢం వస్తే ఈగలు తోలుకోవడం. ఈ నాలుగు వాక్యాలు రాశాక, నేను తరువాత ఇరవై ఏళ్లపాటు ఆఫీసులో ఫైళ్లు తప్పులు లేకుండా ఎలా చూడగలిగానో నాకే అర్థమైంది.

జీతం అంకెతోపాటు అప్పటి అద్దె, బియ్యం ధర గుర్తుంటే రాయాలి. అంకె ఒక్కటే ఉంటే మనవలు నవ్వుతారు.

పని ఎందుకు ఆగిపోయిందో తప్పక రాయాలి. ఇక్కడ సొంత కారణాన్నీ కాలం తెచ్చిన కారణాన్నీ విడదీయడం అవసరం. 1984లో గ్రామాధికారులైన కరణాల, మునసబుల పదవులు రద్దయినప్పుడు ఇంటికి వెళ్లినవారిది చేతకానితనం కాదు. 1983లో రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఒక్కసారిగా బయటికి వచ్చినవారిదీ అంతే. కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చి కంపోజిటర్ల చేతిలో పని పోయింది. 2013 జులైలో టెలిగ్రాము కూడా ఆగిపోయింది. తమ తప్పు వల్లనే పని పోయిందని ఏళ్ల తరబడి అనుకున్నవారికి ఈ ఒక్క వాక్యం రాసుకోవడమే పెద్ద ఉపశమనం.

మనసులో మిగిలిన కక్షలను చివరికి వదలాలి. ఒక యజమాని నాకు రెండు నెలల జీతం ఎగ్గొట్టాడు. మొదట దాని గురించి మూడు పేజీలు రాసి, నెల తరువాత చదివి చూస్తే, అందులో నా పని గురించి ఒక్క ముక్కా లేదు. పేరు తీసేసి, ఎంత రావాలి, ఎన్నిసార్లు తిరిగాను, తిరిగిన రోజుల్లో ఎవరింట్లో అన్నం తిన్నాను అన్నవి మాత్రమే ఉంచాను.

ఇంట్లో ఆడవారి పుస్తకం విడిగా ఉండాలి. మా ఆవిడ "నేనేం ఉద్యోగాలు చేశాను, నాకెందుకు?" అంటూనే కూర్చుంది. ఏళ్ల పేజీలు తిప్పేసరికి చీరలకు ఫాల్స్ కుట్టడం, వరండాలో పిల్లలకు ట్యూషన్లు, రెండేళ్లు ప్రైవేటు బడిలో టీచరు పని, ఒక వేసవంతా వడియాలు పెట్టి అమ్మడం, అన్నీ తేలాయి. నాకు జీతం రాని ఆ రెండు నెలల పేజీలో ఆమె లెక్క ప్రకారం ముప్పై ఒక్క ఫాల్స్ ఉన్నాయి.

కుడివైపు ఖాళీ పేజీలు ఇలాంటివాటికే. పుస్తకం ఒక దశకు వచ్చాక, అప్పట్లో కలిసి పనిచేసినవారికి వినిపించి, వారు దిద్దినదాన్ని మన మాట కొట్టేయకుండా ఎదుటి పేజీలో, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో వేసి రాసుకోవాలి. ప్రెస్సులో నాతోపాటు నేర్చుకున్న స్నేహితుడికి చదివి వినిపిస్తే, అంతా విని, నేను నిలబడి పనిచేశానన్నది నిజమే గానీ మధ్యాహ్నం కేసు కింద నిద్రపోయేవాడినని ఎదుటి పేజీలో రాయించాడు.