బుధుడు సూర్యుడిపై కనిపించకపోతే: సంక్రమణం వేళ ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

2032 నవంబరు 13న బుధుడు సూర్యబింబం మీదుగా దాటుతాడు. దీన్నే సంక్రమణం అంటారు. మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం సుమారు 12:11కు మొదలై సాయంత్రం 4:37కు ముగుస్తుంది. అంటే తెలుగు రాష్ట్రాల్లో మొత్తం ఘట్టాన్ని చూడవచ్చు. 2019లో ఆ భాగ్యం లేకపోయింది, అది మొదలయ్యేసరికే మనకు సూర్యుడు అస్తమించాడు. శుక్ర సంక్రమణమైతే 2117 డిసెంబరు దాకా లేనే లేదు. కింద చెప్పినవాటిలో చాలా చిక్కులను సూర్య మచ్చలున్న ఏ మామూలు రోజునైనా ముందే సరిచూసుకోవచ్చు. ఆ సాధన తప్పక చేయండి.

గ్రహణం కళ్లద్దాలతో చూస్తే ఏమీ కనిపించడం లేదు

కళ్లద్దాల్లో లోపం లేదు. ఆ రోజు బుధుడి వ్యాసం దాదాపు 10 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). సూర్యబింబం దానికి సుమారు 194 రెట్లు. మామూలు కంటికి ఆనాలంటే దాదాపు 60 ఆర్క్ సెకన్లు ఉండాలి. 2004, 2012లలో శుక్రుడు 58 ఆర్క్ సెకన్ల దాకా ఉన్నాడు కాబట్టి కళ్లద్దాలతోనే కనిపించాడు. ఆ అనుభవాన్ని బుధుడికి వర్తింపజేయకండి.

అట్టకు సూదిబెజ్జం పెట్టి చూసే పద్ధతీ పనికిరాదు. రెండు మీటర్ల దూరంలో పడే సూర్యబింబం 18, 19 మిల్లీమీటర్లే. అందులో బుధుడు మిల్లీమీటరులో పదో వంతు, అంటే బెజ్జం కంటే చిన్న. టెలిస్కోపు కావలసిందే, అదీ ముందుభాగాన సౌర ఫిల్టరు బిగించినది. 50 నుంచి 100 రెట్ల వృద్ధి చాలు.

టెలిస్కోపులో సూర్యుడే దొరకడం లేదు

ఫైండరులోంచి (గొట్టం పక్కన గురి చూసే చిన్న దుర్భిణిలోంచి) వెతకకండి. దానికి మూత పెట్టండి, లేదా విప్పి పక్కన పెట్టండి. గొట్టం నీడను నేల మీద చూస్తూ, అది అన్నిటికంటే చిన్నగా అయ్యేదాకా తిప్పండి. సూర్యుడు దాదాపు ఎదురుగా ఉంటాడు.

ఒక నల్లచుక్క కనిపిస్తోంది, అది బుధుడేనా?

సంతోషించే ముందు మూడు అనుమానాలు తీర్చుకోవాలి. మొదటిది ధూళి. ఐపీస్‌ను (కన్ను పెట్టి చూసే కటకం) దాని స్థానంలోనే మెల్లగా తిప్పండి. చుక్క కూడా తిరిగితే అది ఐపీస్ మీది దుమ్ము. కెమెరా వాడుతుంటే టెలిస్కోపును కాస్త జరపండి. సూర్యుడు కదిలినా చుక్క తెరపై అక్కడే ఉంటే దుమ్ము సెన్సరు మీద ఉంది.

రెండోది సూర్య మచ్చ. మచ్చకు అంచులు సమంగా ఉండవు, పెద్దదైతే చుట్టూ బూడిదరంగు వలయం ఉంటుంది. గ్రహం నిండు నలుపుతో, నిక్కచ్చిగా గుండ్రంగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే పది నిమిషాలు ఆగండి. బుధుడు రెండు నిమిషాల్లోపే తన వ్యాసమంత దూరం జరుగుతాడు. మచ్చ బింబంపై అదే చోట ఉంటుంది.

మూడోది, తప్పు అంచును చూస్తూ కూర్చోవడం. అద్దాలు, డయాగొనల్ (వెలుగును పక్కకు మళ్లించే భాగం) బొమ్మను తారుమారు చేస్తాయి కాబట్టి ఎడమ, కుడి అన్న లెక్క నమ్మవద్దు. టెలిస్కోపును సూర్యుడి వెంట తిప్పే మోటారు ఉంటే ఆపండి. సూర్యుడు జరిగిపోతున్నప్పుడు ముందు నడిచే అంచు పడమర, వెనక వచ్చే అంచు తూర్పు. బుధుడు తూర్పు అంచున ప్రవేశించి పడమర వైపు బయటికి వెళతాడు.

అంచు మరుగుతున్నట్టు ఊగుతోంది

కారణం సాధారణంగా కటకం కాదు, వేడి. నవంబరు మధ్యాహ్నం డాబా కాంక్రీటు నుంచి లేచే గాలి బొమ్మను చెరిపేస్తుంది. గడ్డి నేల మీదికి మారండి. టెలిస్కోపును గంట ముందే బయటపెట్టి, గొట్టంపై తెల్లగుడ్డ కప్పండి. వృద్ధిని తగ్గిస్తే చుక్క చిన్నదైనా స్పష్టంగా కనిపిస్తుంది. ఎండకు గొట్టం వ్యాకోచిస్తుంది కాబట్టి ఫోకస్ మారుతూ ఉంటుంది. అప్పుడప్పుడు సూర్యుడి అంచుపై మళ్లీ సరిచేయండి.

లోపలికి వచ్చిన గ్రహం అంచును వదలకుండా సాగుతోంది

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునే సమస్య. గ్రహం పూర్తిగా లోపలికి వచ్చిందనుకునే క్షణంలో దానికీ సూర్యుడి అంచుకూ మధ్య నల్లటి తీగ కనిపిస్తుంది. దీన్ని నల్లబొట్టు ప్రభావం అంటారు. 1769 శుక్ర సంక్రమణంలో పసిఫిక్ దీవి తహితిలో పక్కపక్కనే నిలిచి చూసిన బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ బృందం రాసుకున్న సమయాలు కూడా కలవలేదు. ఆ సమయాల ఆధారంగానే సూర్యుడి దూరం కొలవాలన్న ఆ తరం తపనకు ఇది పెద్ద దెబ్బ. శుక్రుడి వాతావరణమే కారణమని చాలాకాలం అనుకున్నారు. వాతావరణం దాదాపు లేని బుధుడికీ, 1999లో అంతరిక్షం నుంచి ట్రేస్ ఉపగ్రహం తీసిన చిత్రాల్లోనూ అది కనిపించింది. టెలిస్కోపు సహజంగా కలిగించే మసక, సూర్యుడి అంచు దగ్గర వెలుగు తగ్గిపోవడం, ఈ రెండూ కలిసినప్పుడు పుడుతుంది. భూమి మీద గాలి చలనం దాన్ని ఇంకా పెంచుతుంది.

పూర్తిగా తొలగించలేరు, తగ్గించగలరు. ఫోకస్ కచ్చితంగా ఉండాలి, వీలైతే పెద్ద టెలిస్కోపు వాడాలి. సమయం నమోదు చేసేవారు జీపీఎస్ గడియారంతో కలిపి వీడియో తీయండి. తీగ తెగిన క్షణాన్ని తర్వాత ఒక్కో ఫ్రేమూ చూసి తేల్చవచ్చు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని సొంత వేధశాల నుంచి 1874 డిసెంబరు 9న శుక్ర సంక్రమణాన్ని చూసిన అంకితం వెంకట నరసింగరావుకు ఆ సదుపాయం లేదు.

ఫిల్టరు గురించి అనుమానం

సూర్యకాంతిని తగ్గించే ఫిల్టరు గొట్టం ముందుభాగానికే ఉండాలి. ఐపీస్‌కు బిగించే పాత నల్లగాజు ఫిల్టర్లు వేడికి పగులుతాయి. ఉంటే పారేయండి. ఫిల్టరు షీటు ముడతలు పడినా ఫరవాలేదు, బెజ్జాలుంటే ప్రమాదం. ప్రకాశవంతమైన బల్బుకు అడ్డంపెట్టి చూస్తే తెలుస్తుంది. గాలికి ఊడిపోకుండా చుట్టూ టేపు వేయండి. తెరపై బొమ్మ పడేలా చేసే పద్ధతికి చిన్న కటక టెలిస్కోపు, సాదా ఐపీస్ మేలు. అతికించిన కటకాలున్న ఖరీదైన ఐపీస్ వేడికి పాడవుతుంది. పిల్లలు ఉంటే ఐపీస్ పక్కన ఒక పెద్దవారు కదలకుండా నిలబడాలి.

మబ్బు కమ్మింది

కోస్తాకు నవంబరు తుపాన్ల కాలం. ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంటీ ఏళ్లపాటు ఎదురుచూసి, 1769లో పుదుచ్చేరిలో మబ్బుల వల్లే శుక్రుణ్ణి చూడలేకపోయాడు. మీకు నాలుగు గంటలకు పైగా వ్యవధి ఉంది కాబట్టి లోతట్టు జిల్లాలకు వెళ్లే దారి ముందే ఆలోచించుకోండి. మబ్బు పలచగా ఉంది కదా అని ఫిల్టరు మాత్రం తీయకండి. సూర్యుడు ఒక్కసారిగా బయటపడితే కన్ను తిప్పుకునే వ్యవధి ఉండదు.