ఆఫ్రికా దేశం చాద్‌లో నారికురుపు: పురుగును తీసే పద్ధతి

నారికురుపు (గినియా వర్మ్) అంటే తాగునీటితో ఒంట్లోకి చేరిన పురుగు పెరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చే జబ్బు. దీనికి మందు లేదు, టీకా లేదు, ఓపికే వైద్యం. పొక్కు చిట్లి పురుగు కనిపించగానే కాలిని బకెట్ నీళ్లలో ముంచాలి. రోగిని చెరువులో మాత్రం దిగనివ్వొద్దు, పురుగు నీళ్లలోకి లక్షల్లో పిల్లపురుగుల్ని వదులుతుంది. ఆ నీళ్లు చెరువుకు దూరంగా పొడినేల మీద పారబోయాలి. తర్వాత పురుగును చిన్న పుల్లకు చుడుతూ రోజుకు కొన్ని సెంటీమీటర్లే లాగాలి. మీటరు దాకా ఉంటుంది, వారాలు పట్టొచ్చు. తొందరపడితే తెగుతుంది, లోపల మిగిలిన ముక్క వల్ల వాచి చీము పడుతుంది. పుండు రోజూ కడిగి కట్టు మార్చాలి.

తాగునీటిని సన్నని నైలాన్ జాలిగుడ్డతో వడకట్టాలి. చిరుగుంటే పనికిరాదు.

1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షల కేసులు, 2023లో 14. ఇప్పుడు చాద్‌లో అసలు చిక్కు కుక్కలతోనే. సోకిన కుక్కను పురుగు పూర్తిగా వచ్చేదాకా కట్టేయాలి, చేపల పేగులు కుక్కలు తినకుండా పాతిపెట్టాలి.